శ్రీ, సిరి, తిరు: కళింగాంధ్రంలో ఒక ఏకాక్షర చరిత్ర

నాగావళీ తీరంలో శ్రీకాకుళం. దానికి తూర్పుగా, సముద్రానికి చేరువలో శ్రీకూర్మం. ఉత్తరంగా వంశధార ఒడ్డున శ్రీముఖలింగం. దక్షిణంగా విజయనగరంలో ప్రతి సంవత్సరం విజయదశమి తరువాత వచ్చే మంగళవారంనాడు ఊరేగే సిరిమాను. ఈ నాలుగు నామాలకు ముందు నిలిచినది ఒకే ఒక్క అక్షరం. ఒకచోట శ్రీ, మరొకచోట సిరి. తెలుగువాడు ఏ కార్యాన్ని ఆరంభించినా దానికి శ్రీకారం చుట్టినట్లే అంటాడు. ఉత్తరం రాస్తే పైన శ్రీ. పేరు పలికితే ముందు శ్రీ. భర్త శ్రీవారు, భార్య శ్రీమతి, పీఠాధిపతి పంపిన లేఖ శ్రీముఖం, చివరకు చెరసాలకు సైతం శ్రీకృష్ణ జన్మస్థానమని పరిహాసనామం. ఇంతగా వాడుకలో అరిగిపోయిన పదానికి అర్థమేమిటని అడిగితే, నూటికి తొంభైమంది నోట వెలువడే సమాధానం ఒక్కటే: సంపద, లక్ష్మి.

ఆ సమాధానం తప్పు కాదు. కాని అది ఆ పదచరిత్రలో ఆలస్యంగా వచ్చిన అర్థం. ఆదిలో శ్రీ అంటే ధనం కాదు.

ఋగ్వేదంలో శ్రీ శబ్దం ప్రధానంగా కాంతిని, శోభను చెబుతుంది. అగ్ని ప్రజ్వలించినప్పుడు, ఉషస్సు తూర్పున పొడసూపినప్పుడు, మరుత్తులు ఆభరణాలు ధరించి బయలుదేరినప్పుడు అక్కడ శ్రీ ఉన్నది. ‘శ్రియే’ అన్న చతుర్థీరూపం తరచుగా వినిపిస్తుంది. దాని భావం ‘శోభ కొరకు’ అని. చూచిన కన్ను మరలిరానీయని తేజస్సు ఏదో, దానికి ఆ ఋషులు పెట్టుకొన్న పేరు శ్రీ. ఇక లక్ష్మి అన్న పదం ఋగ్వేద సంహితలో ఒక్కసారే కనిపిస్తుంది, అదీ దశమ మండలంలో, వాక్కును గురించిన సూక్తంలో. అక్కడ దాని అర్థం లక్షణం, గుర్తు అని. అథర్వవేదం మరొక అడుగు ముందుకు వేసి, మనిషితోపాటు నూటొక్క లక్ష్ములు పుడతాయనీ, వాటిలో పాపిష్ఠి లక్ష్మి ఎగిరిపోవాలనీ, పుణ్యలక్ష్మి నిలవాలనీ ప్రార్థిస్తుంది. అంటే లక్ష్మికి మంచీ చెడ్డా రెండు విశేషణాలూ తగిలించవచ్చును. శ్రీకి ‘పాపి’ అన్న విశేషణం తగలలేదు. ఆ రెండు పదాల నడుమ తొలినాడు ఉన్న దూరం ఇది. పురుషసూక్తపు ఉత్తరానువాకంలో, శుక్ల యజుర్వేద పాఠంలో, శ్రీ, లక్ష్మి అని ఇద్దరు దేవేరులు వేర్వేరుగా పేర్కొనబడినారు. కృష్ణ యజుర్వేద పాఠంలో శ్రీకి బదులు హ్రీ వచ్చి కూర్చున్నది. అమరసింహుని కాలం వచ్చేసరికి లక్ష్మీ, పద్మాలయా, కమలా, శ్రీ అన్నవి ఒకే దేవతకు పర్యాయపదాలైపోయినాయి.

ఈ మార్పుకు మధ్యలో నిలిచిన అద్భుతమైన కథ శతపథ బ్రాహ్మణంలో, పదకొండవ కాండంలో ఉన్నది. సృష్టి చేస్తూ తపించి అలసిన ప్రజాపతి నుండి శ్రీ వెలువడినది. ఆమె దీప్తితో ప్రకాశిస్తూ, కంపిస్తూ నిలిచినది. దేవతలు ఆమెను చూచి ఓర్వలేకపోయినారు. చంపి, ఆమెకున్నదంతా తీసికొందామన్నారు. ప్రజాపతి వారించి, ఆమె స్త్రీ, చంపకూడదు, ప్రాణంతో ఉంచి తీసికోండి అన్నాడు. అప్పుడు అగ్ని అన్నాన్ని, సోముడు రాజ్యాన్ని, వరుణుడు సామ్రాజ్యాన్ని, మిత్రుడు క్షత్రాన్ని, ఇంద్రుడు బలాన్ని, బృహస్పతి బ్రహ్మవర్చస్సును, సవిత రాష్ట్రాన్ని, పూష భాగ్యాన్ని, సరస్వతి పుష్టిని, త్వష్ట రూపాలను తీసికొన్నారు. పదిమంది దేవతలు, పది హరణాలు. తరువాత ప్రజాపతి ఉపదేశం మేరకు ఆమె వారినే యజించి అన్నింటినీ తిరిగి పొందినది. ఈ పట్టికలో పూష తీసికొన్న భాగ్యం పదింటిలో ఒకటి మాత్రమే. అన్నం, బలం, వర్చస్సు, రూపం, అధికారం, పుష్టి, ఇవన్నీ కలిసిన తేజోరాశి పేరు శ్రీ. అందులో నుండి ధనాన్ని ఒక్కదానినే ఏరుకొని, మిగిలిన తొమ్మిదింటిని మరచిపోయినది తరువాతి కాలపు వ్యవహారం.

శ్రీ అన్న పదానికి వ్యుత్పత్తి చెప్పే మార్గాలు రెండు. సంప్రదాయం చెప్పేది ఒకటి, తులనాత్మక భాషాశాస్త్రం చెప్పేది మరొకటి. వ్యాకరణ సంప్రదాయం సేవార్థకమైన ‘శ్రి’ ధాతువు నుండి దీనిని సాధిస్తుంది. ఉణాది సూత్రం ఒకటి ఆ ధాతువుకు క్విప్ ప్రత్యయాన్ని, దీర్ఘాన్ని విధిస్తుంది. ఆశ్రయం, ఆశ్రమం అన్న మాటలకు కూడా ఇదే ధాతువు మూలమని తలచేవారు కలరు, కాని ఆశ్రమంలో ఉన్నది ‘శ్రమ’, అది వేరు. ఆశ్రయం మాత్రం నిజంగా శ్రి ధాతువుకు చెందినదే. ఈ మూలం మీదనే శ్రీవైష్ణవాచార్యులు ఆరు నిర్వచనాలను నిలిపినారు. శ్రయతే, తాను భగవంతుని ఆశ్రయిస్తుంది. శ్రీయతే, జీవులచేత ఆశ్రయింపబడుతుంది. శృణోతి, జీవుల మొర వింటుంది. శ్రావయతి, దానిని స్వామికి వినిపిస్తుంది. శృణాతి, దోషాలను హరిస్తుంది. శ్రీణాతి, భక్తుని పరిపక్వుని చేస్తుంది. ఆరింటిలో ఏ ఒక్కదానిలోనూ ధనం ప్రస్తావన లేదు. శ్రీ అంటే వారికి సంపద ఇచ్చే దేవత కంటె ముందు, అపరాధి అయిన బిడ్డకూ తండ్రికీ నడుమ నిలిచి మాట చెప్పే తల్లి. దీనినే పురుషకారం అన్నారు. వారి మతానికి శ్రీవైష్ణవం అన్న పేరు రావడంలో ఆ ‘శ్రీ’ గౌరవవాచకం కాదు, సిద్ధాంతం.

భాషాశాస్త్రం చెప్పేది వేరు. దాని ప్రకారం ఈ పదానికి అతి సమీప బంధువు అవెస్తా భాషలోని ‘స్రీర’. దాని అర్థం సుందరమైనది. సంస్కృతంలో ‘శ్రేష్ఠ’ ఉన్నట్లే ఆ భాషలో ‘స్రఏశ్త’ ఉన్నది. సుందరతమమని అర్థం. గ్రీకు కావ్యాలలో ప్రభువును పిలిచే ‘క్రెయోన్’ శబ్దాన్ని కూడా కొందరు పండితులు ఈ వంశంలోనే చేరుస్తారు. ఇండో ఇరానియన్ ప్రజలు విడిపోక ముందే కాంతి, సౌందర్యం అన్న అర్థంతో ఈ మాట ఉండినదని అవెస్తా సాక్ష్యం చెబుతున్నది.

ఇక్కడ సాధకుడు నిలిచి చూడవలసిన విషయం ఒకటి ఉన్నది. శ్రేయస్సు, శ్రేష్ఠం అన్నవి శ్రీకి తరతమ రూపాలు. శ్రీ కంటె అధికమైనది శ్రేయస్, అన్నింటికంటె అధికమైనది శ్రేష్ఠ. పాణిని దీనిని మరొక విధంగా సాధించినాడు. ‘ప్రశస్యస్య శ్రః’ అన్న సూత్రంలో, ప్రశస్య శబ్దానికి ‘శ్ర’ ఆదేశం వస్తుందన్నాడు. ప్రక్రియకు అది చాలును. చరిత్రకు మాత్రం శ్రీతో ఉన్న సంబంధమే కనిపిస్తుంది. ఇప్పుడు కఠోపనిషత్తును తలచుకొందము. యముడు నచికేతునికి ఏనుగులు, గుఱ్ఱములు, బంగారం, విశాల భూమి, దీర్ఘాయువు, అప్సరసలు అన్నీ ఇస్తానంటాడు. నేటి వాడుకలో సిరి అనదగినవన్నీ అక్కడ ఉన్నవి. బాలుడు అన్నింటినీ కాదన్నాడు. అలా కాదన్నవాడు దేనిని వరించినాడని యముడు మెచ్చుకొన్నాడు? శ్రేయస్సును. సిరులను త్యజించి నచికేతుడు ఎంచుకొన్నది ‘మరింత శ్రీ’నే. పద చరిత్ర తెలిసినవానికి ఆ వల్లి మరొక విధంగా వినిపిస్తుంది. భగవద్గీత చివరి శ్లోకంలో కూడా శ్రీ, భూతి రెండూ విడివిడిగా పేర్కొనబడినవి. రెంటికీ ఐశ్వర్యమే అర్థమైతే రెండుసార్లు చెప్పవలసిన పని లేదు.

ధ్వనిసామ్యాన్ని చూచి బంధుత్వం కలిపే ఉత్సాహం మనలో అధికం. ఆంగ్లంలోని ‘సర్’ శ్రీ నుండి పుట్టినదని సభలలో చెప్పేవారు కలరు. అది సత్యం కాదు. ఆ మాట ప్రాచీన ఫ్రెంచి ‘సైర్’ ద్వారా లాటిన్ ‘సెనియర్’ నుండి, అంటే పెద్దవాడు అన్న పదం నుండి వచ్చినది. రోమనుల ధాన్యదేవత ‘సెరెస్’ మన శ్రీయేనన్న వాదం కూడా నిలువదు. ఆమె పేరుకు మూలం పెంచుట అన్న అర్థం గల వేరొక ధాతువు. చేతి ఫోనులో పలికే ‘సిరి’ నార్వే దేశపు ఆడపిల్లల పేరు, సిగ్రిడ్ అన్న పేరుకు హ్రస్వరూపం. నిజమైన బంధువులు ఉన్నప్పుడు లేనివారిని పిలుచుకోవలసిన అవసరం ఏమున్నది?

నిజమైన బంధువులలో మొదటిది కళింగంలోనే ఉన్నది. ప్రాకృతంలో సంయుక్తాక్షరాన్ని పలకలేక నడుమ ఒక అచ్చును చేర్చడం పరిపాటి. దానికి స్వరభక్తి అని పేరు. శ్లోకం సిలోకమైనట్లే శ్రీ సిరి అయినది. భువనేశ్వర సమీపంలోని ఉదయగిరిపై హాథీగుంఫా శాసనం కళింగాధిపతి ఖారవేలునిది. సాధారణంగా క్రీస్తు పూర్వం 1వ శతాబ్దికి చెందినదిగా భావిస్తారు. ఆ శాసనం అతని పేరును ‘సిరి ఖారవేల’ అనే చెక్కినది. అతడు జైన మతానుయాయి. భర్హుత్ స్తూపపు రాతి కంచె మీద నిలిచిన ఒక దేవతకు శిల్పి చెక్కిన పేరు ‘సిరిమా దేవత’, అది బౌద్ధ స్థలం. శాతవాహనుల నాణేల మీద సిరి, నాగార్జునకొండ ఇక్ష్వాకుల శాసనాలలో సిరి చాంతమూలుడు, సిరి వీరపురిసదతుడు. ఈ ఏకాక్షరం ఏ ఒక్క మతానికీ సొంతం కాలేదు. వైదికునికీ, జైనునికీ, బౌద్ధునికీ సమానంగా చెల్లిన నాణెం వంటిది. తెలుగువాడు నేడు సిరి, సిరులు, సిరిమల్లె, సిరివెన్నెల అంటున్నప్పుడు ఖారవేలుని నాటి ప్రాకృతమే అతని నాలుకపై నిలిచి ఉన్నది. సిరివెన్నెల అన్న సమాసాన్ని ఒక్కసారి పరిశీలిస్తే, వెన్నెలకు ధనమెక్కడిది? అక్కడ సిరి అంటే కాంతియే. వేదార్థం పండితుల వాడుకలో మరుగుపడి, పల్లెపదాలలో భద్రంగా ఉన్నది.

తరువాతి కాలంలో ఈ ప్రాంతాన్ని ఏలిన తూర్పు గాంగుల శాసనాలు సంస్కృతంలోకి మరలినాయి. వారి శకం క్రీస్తు శకం 498 ప్రాంతంలో ఆరంభమైనదని పండితుల సామాన్యాభిప్రాయం. మహేంద్రగిరి మీది గోకర్ణస్వామి వారి కులదైవం, కళింగనగరం వారి రాజధాని. ఆ కళింగనగరమే నేటి ముఖలింగమని నిరూపించడానికి శ్రమించినవారిలో గిడుగు వేంకట రామమూర్తి పంతులు ముఖ్యుడు. ఆయన 1863లో శ్రీముఖలింగానికి సమీపంలోని పర్వతాలపేటలో జన్మించినాడు. ఆలయపు గోడల మీది ప్రాచీన లిపిని తనంతట తాను నేర్చి, ఆ శాసనాలను చదివినాడు. వ్యావహారిక భాషా ఉద్యమ నాయకునిగా ఆయనను లోకం ఎరుగును. సవర భాషకు వ్యాకరణాన్ని, నిఘంటువును కూర్చిన తపస్విగా ఎరిగినవారు తక్కువ. పలికే మాటకూ రాసే మాటకూ నడుమ దూరం ఎంత అన్న ప్రశ్న ఆయన జీవితమంతా వెంటాడినది. శ్రీకీ సిరికీ నడుమ ఉన్నది సరిగా ఆ దూరమే.

శ్రీముఖలింగంలోని స్వామి మధుకేశ్వరుడు. మధుకం అంటే ఇప్పచెట్టు. ఇప్పచెట్టు మొదలులో శివుడు సాక్షాత్కరించినాడని, ఆ మొదలే లింగమైనదని స్థలపురాణం. సవరల కథ ఆ పురాణంలో పెనవేసికొని ఉన్నది. వృక్షంలో దైవం, దైవానికి ముందు శ్రీ. ఈ జోడింపు ఈ ప్రాంతంలో మరల కనిపించబోతున్నది.

శ్రీకూర్మంలో మరొక విశేషం. కూర్మావతారానికి ప్రధానాలయం కావడం ఒకటి, స్వామి పశ్చిమాభిముఖుడై ఉండడం, ఆలయానికి రెండు ధ్వజస్తంభాలు ఉండడం మరొకటి. నామంలోని శ్రీకి ఇక్కడ పౌరాణికమైన సార్థకత సహజంగా అమరినది. మందరగిరిని మోసిన కూర్మం లేనిదే సముద్ర మథనం లేదు, మథనం లేనిదే శ్రీదేవి ఆవిర్భావం లేదు. ఆమె పాదాలకు ఆధారం పద్మం, పద్మానికి ఆధారం సముద్రం, ఆ మథనానికంతా ఆధారం ఆ తాబేలు వీపు. ఇంతకంటె పురాతనమైన పొందిక కూడా ఉన్నది. శతపథ బ్రాహ్మణం సప్తమ కాండంలో ప్రజాపతియే కూర్మరూపం దాల్చి ప్రజలను సృష్టించినాడని చెబుతుంది. పదకొండవ కాండంలో ఆ ప్రజాపతి నుండియే శ్రీ వెలువడినదని చెబుతుంది. రెండు కాండలను ఆ గ్రంథం స్వయంగా కలుపలేదు. క్షేత్రనామం కలిపినది.

శ్రీకూర్మాన్ని భగవద్రామానుజులు దర్శించినారని సంప్రదాయం. 13వ శతాబ్దంలో మధ్వాచార్యుల శిష్యుడైన నరహరితీర్థులు గాంగరాజుల పక్షాన ఈ ప్రాంతపు పాలనభారం వహించినారు. ఆయన 1281 నాటి శాసనం శ్రీకూర్మాలయంలో నేటికీ ఉన్నది. శ్రీవైష్ణవ సంప్రదాయంతోపాటు ద్రావిడ వేదపు పరిభాష కూడా తెలుగుదేశపు ఆలయాలలోకి వచ్చినది. తిరుమంజనం, తిరువారాధన, తిరుకల్యాణం, తిరునామం. తమిళంలోని తిరు అన్నది శ్రీకి తద్భవమని, సిరి అన్న ప్రాకృతరూపం తమిళ ఉచ్చారణలో తిరి, తిరుగా మారినదని ఒక వర్గం. అది స్వచ్ఛమైన ద్రావిడ పదమే, శ్రీతో అర్థసామ్యం వలన జతపడినదని మరొక వర్గం. వివాదం తీరలేదు. కాని రెండు పదాలూ ఒకే పీఠం మీద కూర్చున్నవన్న సంగతి నిర్వివాదం. తిరుమల అన్నా శ్రీశైలం అన్నా మాటల అర్థం ఒక్కటే, మలై అంటే శైలమే కదా. పల్లెటూరి తిరునాళ్ళకు పోయే తెలుగువానికి తాను తమిళ పదం పలుకుతున్నానన్న స్పృహ ఉండదు. తిరునాళ్ అంటే శ్రీదినం.

ఉత్తరాన ఒడ్రభాషలో ఈ అక్షరం మరింత విస్తరించినది. అనంతవర్మ చోడగంగుడు 1078లో సింహాసనమెక్కినాడు. పురుషోత్తమ క్షేత్రంలో మహాలయ నిర్మాణానికి పూనుకొన్నవాడు అతడే. అక్కడ ఆలయం శ్రీమందిరం, పురం శ్రీక్షేత్రం. ముఖలింగపు శ్రీ గాంగులతోపాటు ఉత్తరానికి ప్రయాణమైనదని కవి అనవచ్చును. చరిత్రకారుడు అంత సాహసించడు.

సముద్రం దాటిన సంగతికి మాత్రం ఆధారాలు బలమైనవి. వంశధార సాగరంలో కలిసే చోట ఉన్న కళింగపట్నం ప్రాచీన రేవు. దాని ఎగువన శాలిహుండం బౌద్ధక్షేత్రం. మలయ ద్వీపాలలో భారతీయులకు ‘క్లింగ్’ అన్న పేరు కళింగ శబ్దం నుండియే వచ్చినది. శ్రీ ఒక్క ఈ తీరం నుండియే అక్కడికి చేరినదని చెప్పడం అత్యుక్తి. తమిళ, సింహళ, వంగ నావికులు కూడా ఆ దారులలో ఉన్నారు. సుమత్రాలో 683 నాటి ప్రాచీన మలయ శాసనం ‘శ్రీవిజయ’ రాజ్యాన్ని పేర్కొన్నది. మలయ భాషలో శ్రీ ‘సెరి’ అయినది, బ్రునై రాజధాని పేరులో ఆ సెరి నేటికీ ఉన్నది. థాయి దేశంలో నఖోన్ సి థమ్మరాట్ అంటే నగర శ్రీ ధర్మరాజ. జావా పల్లెలలో వరిపైరుకు అధిదేవత దేవి శ్రీ. జావా రైతుకు శ్రీ అంటే బంగారం కాదు, అన్నం. శతపథంలో అగ్ని తీసికొన్న మొదటి హరణం అన్నమే. ఉత్తర బౌద్ధంలో మంజుశ్రీ బోధిసత్త్వుని పేరు చీనాకు పోయి, ధ్వనిని అనుసరించి ‘వెన్‌షుషిలి’ అయినది. టిబెట్టువారు ధ్వనిని వదలి అర్థాన్ని పట్టినారు. శ్రీకి వారి మాట ‘పల్’, మంజుశ్రీ ‘జంపల్’. కంబోడియాలో 967లో ప్రతిష్ఠితమైన శివాలయం నేడు ‘బంతే స్రే’గా ప్రసిద్ధం. ఆ ‘స్రే’ స్త్రీ శబ్దమని కొందరు, శ్రీ శబ్దమని కొందరు. ఖ్మేరు నాలుకపై రెండూ ఒకటే అయినాయి.

స్త్రీని శ్రీ అనడం ఖ్మేరులకే పరిమితం కాదు. చెంత ఉన్న మాటలను తనలో కలుపుకొనే గుణం ఈ అక్షరానికి మన ఇంటిలోనే ఉన్నది. గర్భిణికి చేసే సంస్కారం సీమంతం. సీమంతమంటే పాపట. పాపట తీర్చే కర్మ గనుక సీమంతోన్నయనం. నేడు శుభలేఖలలో అది ‘శ్రీమంతం’గా అచ్చవుతున్నది. పండితుడు చూచి నొచ్చుకొంటాడు. ఇంటి ఇల్లాలికి మాత్రం శ్రీమంతమే సబబు, కడుపు పండినది కనుక. సంస్కృతంలోని ఒక లేఖన సంప్రదాయం శ్రీల సంఖ్యకు కూడా నియమం పెట్టినది. గురువుకు ఆరు, ప్రభువుకు అయిదు, శత్రువుకు నాలుగు, మిత్రునికి మూడు, భృత్యునికి రెండు, భార్యకూ పుత్రునికీ ఒక్కొక్కటి. మిత్రునికంటె శత్రువుకు ఒక శ్రీ ఎక్కువ! మర్యాదకూ ప్రీతికీ ఉన్న భేదాన్ని ఇంత క్లుప్తంగా చెప్పిన నియమం మరొకటి లేదు.

శ్రీకాకుళం పేరు కథ కూడా ఈ కలుపుకోలుకు ఉదాహరణ. కృష్ణాతీరంలో, ఆంధ్ర మహావిష్ణువు కొలువున్న ఊరికి కూడా శ్రీకాకుళమే పేరు. రెంటినీ ఒకటిగా భ్రమించరాదు. నాగావళీ తీరపు శ్రీకాకుళాన్ని జనం సిక్కోలు అన్నారు. ఆంగ్లేయులు దానినే చికాకోల్ అని రాసికొన్నారు. ఉత్తర సర్కారులలో ఒకటి ఆ పేరుతోనే నడిచినది. తురుష్క ప్రభుత్వంలో పన్నుల సొమ్ము ఇక్కడ మూట విప్పేవారు గనుక ‘సిక్కా ఖోల్’ అన్న మాట మీద సిక్కోలు పుట్టినదని ఒక కథ నేటికీ చెప్పుకొంటారు. ఆ కథలో కూడా ధనమే ప్రవేశించడం గమనించదగినది. అసలు శ్రీ సిరియై, సి అయి, అవతలి కకారంతో కలిసి గట్టిపడి సిక్కోలైనదంటే చాలును, మూట విప్పనక్కరలేదు. 1950 ఆగస్టు 15న జిల్లా ఏర్పడినప్పుడు కాగితాల మీద శ్రీకాకుళమే నిలిచినది. జనం నోట సిక్కోలు పోలేదు.

ఇక సిరిమాను. విజయనగర పైడితల్లి అమ్మవారు విజయరామ గజపతి సోదరియని, 1757 జనవరి 24న జరిగిన బొబ్బిలి యుద్ధకాలంలో అన్నకు ఆపద కలిగినదని విని పెద్దచెరువులో లీనమైనదని, తరువాత ఆ చెరువు నుండియే విగ్రహంగా వెలువడినదని ఐతిహ్యం. ఏటా పండుగకు ముందు పూజారికి స్వప్నంలో కనిపించి, సిరిమానుకు తగిన చింతచెట్టు ఎక్కడ ఉన్నదో అమ్మ చెబుతుందని విశ్వాసం. ఆ చెట్టును పూజించి తెచ్చి, సుమారు 50, 60 అడుగుల మానుగా తీర్చి, దాని కొనన పూజారి ఆసీనుడు కాగా మూడు లాంతర్ల వద్ద గల చదురుగుడి నుండి కోట వరకు మూడుమార్లు ఊరేగిస్తారు.

ఈ సిరి నిజంగా శ్రీయేనా? తెలుగులో, కన్నడంలో ‘సిడి’ అన్న పాత మాట ఒకటి ఉన్నది. గ్రామదేవతల జాతరలో మొక్కుబడి ఉన్నవాడు వీపున కొక్కెం గుచ్చుకొని, ఎత్తైన మాను కొనన వ్రేలాడి తిరిగే ఆచారానికి సిడి అని, ఆ మానుకు సిడిమాను అని పేరు. 19వ శతాబ్దంలో ఆంగ్ల ప్రభుత్వం ఈ ఆచారాన్ని నిరుత్సాహపరచినది. నిలువుగా కాక ఇరుసు మీద వాలుగా నిలిచే దీర్ఘమైన మాను, దాని కొనన ఆకాశంలో ఒక మనిషి, క్రింద బండి, గ్రామదేవత. విజయనగరపు సిరిమాను ఆకృతి ఇదే. డకారం రకారంగా మారడం మన పలుకుబడిలో అసహజం కాదు. సిడిమానే సిరిమాను అయినదన్న పరిశోధకుల వాదాన్ని తోసిపుచ్చడం కష్టం. భక్తులు కొందరికి ఇది అపచారంగా తోచవచ్చును. తోచనక్కరలేదు. కొక్కెం పోయినది, నెత్తురు పోయినది, వ్రేలాడే మొక్కుబడిదారుని స్థానంలో అమ్మవారి ప్రతినిధిగా పూజారి ఆసనం మీద కూర్చున్నాడు. ఆచారం మారినప్పుడు దాని పేరులోని ఒక్క అక్షరం కూడా మారి, సిడి సిరి కావడంలో తప్పేమున్నది? సీమంతం శ్రీమంతం కావడం వంటిది కాదు ఇది. అక్కడ మాట మాత్రమే మారినది. ఇక్కడ మాటకు తగినట్లు కర్మయే మారినది. శృణాతి అన్న నిర్వచనానికి, దోషాన్ని హరిస్తుందన్న అర్థానికి, ఇంతకంటె ప్రత్యక్షమైన దృష్టాంతం గ్రంథాలలో దొరకదు.

సిరిమానును సంస్కృతీకరిస్తే శ్రీవృక్షం. నిఘంటువులలో శ్రీవృక్షమంటే మారేడు, లేదా రావి. మారేడుకు శ్రీఫలమని అమరకోశం. శ్రీసూక్తం ఆ దేవతకు చెప్పిన చెట్టు కూడా బిల్వమే, తపస్సు నుండి పుట్టినదని. శ్రీముఖలింగంలో ఇప్ప, విజయనగరంలో చింత, సూక్తంలో మారేడు. చెట్టు పేరు మారుతూ వచ్చినది. ఆ సూక్తం మొదటి ఋక్కు దేవిని పిలిచే మొదటి విశేషణం హిరణ్యవర్ణ. హిరణ్యానికి అచ్చతెలుగు పైడి.

తొలేళ్ళ సోమవారం రాత్రి గడచి మంగళవారం మధ్యాహ్నం మాను కదిలినప్పుడు, పాలధార, అంజలిరథం, బెస్తవారి వల, తెల్లయేనుగు ముందు నడుస్తాయి. వీధుల పొడవునా జనం అరటిపండ్లు విసురుతూ కొనన ఉన్న పూజారి వైపు చేతులెత్తి పలికే పేరు పైడిమాంబ.